మ్యూనిక్‌లో నెలకి 992 యూరోలు సరిపోతయా? ఎల్‌ఎంయూ అడ్మిట్ వచ్చింది, అక్కడున్నోళ్లు చెప్పండి

కరీంనగర్_కుర్రోడు

అందరికి నమస్తే. నాకు జర్మనీల ఎల్‌ఎంయూ మ్యూనిక్ యూనివర్సిటీల ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అండ్ డేటా సైన్స్ వచ్చింది, మాగ్డెబర్గ్ యూనివర్సిటీల డీకేఈ (డేటా అండ్ నాలెడ్జ్ ఇంజనీరింగ్) కూడా వచ్చింది. రెండిట్ల ట్యూషన్ ఫీజు లేదు. వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌ల (నెలకి ఇంత అని మాత్రమే తీస్కోనిచ్చే ఖాతా) 11,904 యూరోలు వెయ్యాలె, అంటే నెలకి 992 వస్తయి. మా కన్సల్టెన్సీ అతను ఏమంటుండంటే గవర్నమెంటే లెక్క కట్టి పెట్టిన నంబర్ కదా అది, మంచిగ సరిపోతది, పైసలు మిగుల్తయి కూడా అంటుండు. యూట్యూబ్ చూస్తే ఒకతను 700ల నడిపిస్తున్న అంటడు, ఇంకొక అక్క 1,500 లేకుంటే మ్యూనిక్ రాకండి అంటది. ఎవరి మాట నమ్మాల్నో తెలుస్తలేదు. నాయిన ఆర్టీసీల చేస్తడు, లోన్ మీదనే వస్తున్న. ఆడికి పోయినంక ఇంటికి ఫోన్ చేసి ఇంకో లక్ష పంపు అని అడుగుడు నాతోని కాదు, అందుకే ముందే అసలు లెక్క తెలుసుకోవాలని అడుగుతున్న. అక్టోబర్ ఇంటేక్.

పాలమూరు_పిల్ల

తమ్ముడు కంగ్రాట్స్ ముందుగా, ఎల్‌ఎంయూల ఆ కోర్స్ దొరుకుడు అంత అల్కగ కాదు.

992 సంగతి చెప్త. అది జర్మనీ మొత్తానికి ఒకటే నంబర్, మాగ్డెబర్గ్ పోయినా అదే, మ్యూనిక్ వచ్చినా అదే. ఇక్కడి జర్మన్ పిల్లలకి చదువుకి గవర్నమెంట్ ఇచ్చే సాయం ఉంటది, బాఫోగ్ అంటరు, దాని గరిష్ఠ మొత్తం 992, దాన్నే తీస్కొచ్చి మన వీసాకి పెట్టిన్రు. దాంట్ల ఇంటి కిరాయి కింద లెక్కేసింది ఎంతో తెల్సా? 380. ఇన్సూరెన్స్‌కి 137, మిగిలిన 475 తిండికి బట్టలకి తిరుగుడుకి. మ్యూనిక్‌ల 380కి గవర్నమెంట్ హాస్టల్ తప్ప ఇంకేది దొరకదు. గంతే కథ. నీకు రూమ్ ఎంతకి దొరుకుతది అన్నదాని మీదనే మొత్తం లెక్క నడుస్తది, మిగతా ఖర్చులు ఊరు ఊరికి పెద్దగ తేడా ఉండవు.

ఇజార్_ఒడ్డు

పైన అక్క చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. నా నెల లెక్క ఉన్నదున్నట్టు రాస్తున్నా, చూసుకోండి.

ముగ్గురం కలిసి డబ్ల్యూజీలో, అంటే షేరింగ్ ఫ్లాట్‌లో ఉంటాం, మోసాక్ దగ్గర, యూ3 మెట్రో ఎక్కితే మారకుండా నేరుగా యూనివర్సిటీ స్టేషన్‌లో దిగొచ్చు. నా రూమ్ అద్దె హీటింగ్ నీళ్ళు ఇంటర్నెట్ అన్నీ కలిపి 740. ఇది మ్యూనిక్‌లో మరీ ఎక్కువేం కాదండీ, ఏడొందల నుంచి తొమ్మిదొందల మధ్య మామూలుగా నడిచే రేటే ఇది. హెల్త్ ఇన్సూరెన్స్ 145 దగ్గర పోతుంది, అది తప్పదు. డాయిచ్‌లాండ్ టికెట్ జనవరి 2026 నుంచి 63 అయింది కానీ బవేరియాలో చదివేవాళ్ళకి ఇరవై తక్కువకి ఇస్తారు, కాబట్టి నలభై చిల్లర, దాంతోనే బస్సు మెట్రో ట్రామ్ లోకల్ రైళ్ళు దేశమంతా తిరగొచ్చు, ఐసీఈ లాంటి స్పీడ్ రైళ్ళు మాత్రం కుదరదు. సరుకులు 190 దాకా, ఇంట్లోనే వండుకుంటాం, వారానికి రెండు మూడు సార్లు మధ్యాహ్నం మెన్సాలో (యూనివర్సిటీ క్యాంటీన్) తింటాను, అది నెలకి ఒక 50. ఫోన్ 10. రేడియో టీవీ పన్ను అని ఒకటి ఉంది, టీవీ లేకపోయినా కట్టాలి, ఇంటికి 18.36, మేం ముగ్గురం పంచుకుంటాం కాబట్టి మనిషికి ఆరు. ఇక సెమిస్టర్ ఫీజు, కటింగ్, మందులు, బట్టలు, ఎప్పుడన్నా స్నేహితులతో బయటకి, ఇవన్నీ కలిపి ఒక 60 అనుకోండి. మొత్తం కూడితే 1,240, 1,250 అవుతుంది, నేనేం దుబారా చేసే మనిషిని కాను. అంటే 992 పోగా నెలకి 250 ఎక్కడ్నుంచో రావాలి.

యూరో ఇప్పుడు వంద రూపాయలు దాటేసింది కదా, అంటే పాతిక వేల పైన, ప్రతి నెలా.

గోదారి_గట్టు

నేను మాత్రం 900 లోపే నడుపుతున్నానండీ, బోల్డు మంది ఉన్నారు మాలాగా. స్టూడెంటెన్‌స్టాట్‌లో హాస్టల్ రూమ్, 370. అంచేత 1,250 అందరికీ అని భయపెట్టేయకండి పాపం.

ఇజార్_ఒడ్డు

గోదారి గారూ మీకు ఆ రూమ్ ఎంత కాలానికి వచ్చిందో కూడా చెప్పండి, అసలు విషయం అక్కడే ఉంది కదా.

గోదారి_గట్టు

అదీ నిజమేనండి, అప్లై చేసాక మూడో సెమిస్టర్‌లో ఇచ్చారు. అప్పటిదాకా నేను కూడా 780 కట్టాను. స్టూడెంటెన్‌స్టాట్ జర్మనీలోకెల్లా పెద్ద హాస్టల్ సముదాయం, రెండున్నర వేల మంది పట్టే చోటు, కానీ 2021లో ఒక టవర్‌లో అగ్ని ప్రమాదం అయ్యాక రిపేర్ల పేరుతో చాలా బిల్డింగులు ఖాళీ చేయించేసారు, దాంతో క్యూ ఇంకా పెరిగిపోయింది. రూముల్లేక పిల్లలు అల్లాడుతుంటే అంతంత పెద్ద బిల్డింగులు ఖాళీగా కనపడుతుంటే కడుపు మండిపోద్దండి.

తమ్ముడూ నువ్వు ఈ రోజే స్టుడీరెండెన్‌వెర్క్ (స్టూడెంట్ హాస్టళ్ళు నడిపే సంస్థ) సైట్‌లో అప్లై చేసేయ్. అడ్మిట్ చేతిలో ఉందిగా, వీసా వచ్చాక చూద్దాంలే అని ఆగొద్దు. చర్చి సంస్థలు నడిపే హాస్టళ్ళు కూడా ఉంటాయి, వాటికి విడిగా అప్లై చేసుకోవాలి, అన్ని మతాల పిల్లల్నీ తీసుకుంటారు, మనవాళ్ళు ఎందుకో వాటి జోలికే వెళ్ళరు.

మాగ్డెబర్గ్_మిత్ర

నేను డీకేఈ చేస్తున్నా ఇక్కడ. నా రూమ్ 290, మొత్తం ఖర్చు నెలకి 700 అటూ ఇటూ, 992లో ఇంకా మిగులుతాయి. యూట్యూబ్‌లో 700 అన్నతను మా వైపు ఊళ్ళో ఉండుంటాడు, చెమ్నిట్జ్‌లో అయితే ఇంకా తక్కువలో కూడా అవుతుంది. మ్యూనిక్ పేరు చూసి వెళ్ళి ఇబ్బంది పడేకంటే ఇక్కడికి రా బ్రో, చదువు మీద దృష్టి పెట్టొచ్చు, ఇక్కడ మన తెలుగు వాళ్ళు కూడా బాగానే ఉన్నారు.

పాలమూరు_పిల్ల

మిత్రా నువ్వు చెప్పింది ఖర్చు వరకి నిజమే, కని వర్కింగ్ స్టూడెంట్ జాబ్‌ల (చదువుకుంటనే కంపెనీల చేసే పార్ట్ టైమ్ కొలువులు) సంగతి కూడ చెప్పాలె కదా. మ్యూనిక్‌ల బీఎండబ్ల్యూ, సీమెన్స్, అలియాంజ్ అన్నీ ఇక్కడనే ఉన్నయి, డేటా సైన్స్ పిల్లలకి గంటకి 16, 18 యూరోలు ఇచ్చే కొలువులు ఇక్కడ ఎక్కువ.

మాగ్డెబర్గ్_మిత్ర

ఒప్పుకుంటా అక్కా. ఇక్కడ ఇంటెల్ పెద్ద ఫ్యాక్టరీ పెడుతుందని చాలా ఆశ పెట్టుకున్నాం, 2025లో అది రద్దు చేసేశారు. ఇక్కడ ఎక్కువగా యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ల దగ్గర హివీ పనులు, అంటే స్టూడెంట్ అసిస్టెంట్ పనులు చేస్తాం, లేదంటే బెర్లిన్ వైపు చూస్తాం.

నెల్లూరు_నాన్న

నమస్కారం. మా అమ్మాయి కూడా ఈ సంవత్సరమే మ్యూనిక్ వస్తోంది, అందుకే మీరు రాసేవన్నీ చదువుతున్నాను. నాకొక సందేహం బాబూ. మొదటి నెల నుంచే పార్ట్ టైమ్ చేసుకుంటే ఆ 250 వచ్చేస్తుంది కదా, చదువుకునే పిల్లలు పని చేయొచ్చా అక్కడ, ఎన్ని గంటలు చేయనిస్తారు? మేం ఇక్కడి నుంచి ఎంత సిద్ధం చేసుకోవాలో తెలిస్తే దాన్ని బట్టి పొలం కౌలు డబ్బులు అట్టిపెట్టుకుంటాను.

ఇజార్_ఒడ్డు

నమస్తే అంకుల్. పని చేయొచ్చు, సంవత్సరానికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు, లేదంటే చదువు నడిచే టైమ్‌లో వారానికి 20 గంటల లోపు. 2026లో కనీస వేతనం గంటకి 13.90. మినీజాబ్ అంటారు, నెలకి 603 దాకా సంపాదించొచ్చు, అంటే వారానికి పది గంటల పని. కాబట్టి పని దొరికిందంటే ఆ 250 సమస్యే కాదు, ఇంకా పైన మిగులుతుంది.

కానీ అంకుల్, మొదటి మూడు నాలుగు నెలలు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దండి దయచేసి. వచ్చిన కొత్తలో అడ్రస్ రిజిస్ట్రేషన్, బ్యాంక్, టాక్స్ నంబర్, క్లాసులు, వీటితోనే సరిపోతుంది. జర్మన్ రాకపోతే రెస్టారెంట్ వంటగది, గోడౌన్, డెలివరీ ఇలాంటివే దొరుకుతాయి, అవీ వెంటనే దొరుకుతాయని లేదు. మంచి వర్కింగ్ స్టూడెంట్ జాబ్ రావడానికి చాలా మందికి ఏడాది పడుతోంది. అమ్మాయిని బయల్దేరే లోపు కనీసం ఏ2 లెవెల్ (మొదటి నుంచి రెండో మెట్టు) దాకా జర్మన్ నేర్చుకోమనండి, ఆ నేర్చుకున్నది ఇక్కడ నేరుగా డబ్బు అవుతుంది.

నెల్లూరు_నాన్న

సంతోషం బాబూ. మరి చేతిలో ఎంత ఉంటే ఆడపిల్ల ఇబ్బంది పడకుండా ఉంటుంది? బ్లాక్డ్ అకౌంట్ కాకుండా అడుగుతున్నాను.

పాలమూరు_పిల్ల

అంకుల్ దీనికి నేను చెప్త, ఎందుకంటే కొత్తగ వచ్చే ఆడపిల్లలు ఎక్కువ నన్నే అడుగుతరు.

బ్లాక్డ్ అకౌంట్ పైసలు దిగంగనే చేతికి రావు, ఇక్కడ బ్యాంక్ అకౌంట్ తెరిచి యాక్టివేట్ చేసుకోవాలె, వారాలు పట్టొచ్చు. ఆ లోపల్నే పెద్ద ఖర్చులన్నీ మీద పడ్తయి. మొదటి నెల కిరాయి, దాంతోపాటు అడ్వాన్స్. అడ్వాన్స్‌ని కౌట్సియోన్ అంటరు, హీటింగ్ గట్ల కలపకుండ ఉండే ఉత్త కిరాయికి మూడింతలకి మించి తీసుకోవద్దని చట్టం ఉంది, కని మూడు నెలలదే అడిగేటోళ్లు చానమంది. ఉత్త కిరాయి 600 అనుకుంటే 1,800. ఇంకో ముచ్చట, ఆ అడ్వాన్స్‌ని మూడు సమాన వాయిదాల్ల కట్టే హక్కు కిరాయికుండేటోళ్లకి చట్టంలనే ఉంది, మొదటిది ఇంట్లకి దిగినప్పుడు, మిగిలిన రెండు తర్వాతి రెండు నెలల కిరాయితోని. చానమంది మన పిల్లలకి ఇది తెల్వక మొత్తం ఒకేసారి ఇచ్చేస్తరు. గట్టిగ కాకుండ మర్యాదగ అడగమనండి, ఒప్పుకునేటోళ్లు ఉంటరు. దుప్పట్లు గిన్నెలు, రెసిడెన్స్ పర్మిట్‌కి ఒక 100, రూమ్ దొరికేదాక ఉండటానికి హోటల్ ఖర్చు. ఇవన్నీ చూస్తే బ్లాక్డ్ కాకుండ మూడు వేల యూరోలన్న చేతిల ఉండాలె, ఆ తర్వాత ఆరు నెలలకి నెలకి 250 చొప్పున ఇంకో 1,500. అంటే మన పైసల్ల సుమారు ఐదు లక్షలు. అడ్వాన్స్ అయితే ఇల్లు ఖాళీ చేసినప్పుడు వాపస్ వస్తదనుకోండి.

ఓరుగల్లు_అబ్బాయి

అక్టోబర్‌ల వచ్చేటోళ్లకి ఒక ముఖ్యమైన ముచ్చట, ఎవ్వరూ చెప్పరు ఇది. అక్టోబర్‌ఫెస్ట్, అంటే ఇక్కడి పెద్ద బీర్ జాతర, ఈసారి (2026ల) సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 దాక. ఆ రెండు వారాలు మ్యూనిక్‌ల టూరిస్ట్ హాస్టళ్ల బెడ్ రేట్లు కూడ ఎన్నో ఇంతలైతయి, మామూలు హోటల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మన పిల్లలు సరిగ్గ సెప్టెంబర్ ఆఖర్ల దిగుతరు. క్లాసులు అక్టోబర్ మధ్యల గానీ మొదలుగావు. అయితే సెప్టెంబర్ మొదట్ల వచ్చి రూమ్ చూస్కోండి, లేకుంటే ఆ రెండు వారాలు ఆగ్స్‌బర్గ్‌లనో ఇంకేదన్న ఊళ్లె తెలిసినోళ్ల దగ్గర్నో ఉండండి.

ఆగ్స్‌బర్గ్ అంటే గుర్తొచ్చింది, నేను అక్కడ్నే ఉంటున్న. రూమ్ 480. రీజినల్ రైలు ముప్పావు గంట, టికెట్ ఎట్లాగు ఉండనే ఉంటది కాబట్టి పైన పైస ఖర్చు లేదు. చలికాలం రైళ్లు లేట్ అయితయి, పొద్దుగాల ఎనిమిదింటి క్లాస్ ఉన్నరోజు కష్టమే, కని నెలకి రెండొందల యాభై మిగుల్తున్నయి, అది మా అమ్మకి పంపిస్తున్న.

కరీంనగర్_కుర్రోడు

అన్నా ఆగ్స్‌బర్గ్ ఐడియా నాకు తట్టనే లేదు, థాంక్స్. ఎల్‌ఎంయూల స్టాటిస్టిక్స్ వాళ్లది లుడ్విగ్‌స్ట్రాసెల కదా, స్టేషన్ నుంచి దగ్గరేనా? ఇంకో డౌట్, నా ఫ్రెండ్ ఒకడు ఐదేండ్లు టీసీఎస్‌ల చేసిండు, వానికి 31, వాడు కూడ వస్తుండు. ఇన్సూరెన్స్‌కి ప్రైవేట్ తీసుకుంటే నెలకి 40 యూరోలే అని ఎవరో చెప్పిన్రట. నేను కూడ అదే తీసుకుంటే నెలకి వంద మిగుల్తది కదా?

ఇజార్_ఒడ్డు

వద్దు తమ్ముడూ, నువ్వు మాత్రం అది అస్సలు తీసుకోకు. ముప్పై లోపు వాళ్ళకి పబ్లిక్ ఇన్సూరెన్స్‌లో స్టూడెంట్ రేటు ఉంది, ఆ 145 అదే. ఒకసారి ప్రైవేట్ కావాలని మినహాయింపు రాయించుకుంటే ఆ చదువు అయ్యేదాకా వెనక్కి రాలేవు. చవక పాలసీల్లో పళ్ళు, పాత జబ్బులు, పెద్ద ఆపరేషన్లు చాలావాటికి కవరే ఉండదు, వీసా రెన్యువల్‌లో కూడా అడ్డం పడతాయి. నెలకి వంద కోసం ఆ రిస్క్ వద్దు. మీ ఫ్రెండ్ సంగతి వేరు, ముప్పై దాటితే స్టూడెంట్ రేటు వర్తించదు, ఆయన మాత్రం ప్రైవేట్‌లోనే మంచిది, అంటే రెసిడెన్స్ పర్మిట్ ఆఫీస్ ఒప్పుకునే పూర్తి కవరేజీ ఉన్నది చూసుకోవాలి, 40 యూరోల ట్రావెల్ పాలసీ పనికిరాదు. ఆయన బడ్జెట్‌లో ఇన్సూరెన్స్ కింద ఇంకా ఎక్కువ వేసుకోమను.

డిపార్ట్‌మెంట్ యూనివర్సిటీ స్టేషన్ పక్కనే, యూ3 యూ6 రెండూ ఆగుతాయి. అందుకే రూమ్ వెతికేటప్పుడు ఆ రెండు లైన్ల మీద చివరి స్టేషన్ల వైపు చూడు, మధ్యలో ష్వాబింగ్ వైపు మన బడ్జెట్‌కి అందదు.

గోదారి_గట్టు

తిండి గురించి ఎవరూ సరిగా రాయలేదేంటండి, నేను రాస్తాను.

సరుకులు ఆల్డి, లిడ్ల్, పెన్నీ ఇవే, రెవె ఎడెకాల్లో అదే వస్తువు ఎక్కువ రేటుంటుంది. పాలు, గుడ్లు, పెరుగు, బంగాళాదుంపలు, క్యాబేజీ, ఆపిల్స్ ఇవన్నీ ఇక్కడ మనం అనుకున్నంత ఖరీదు కాదు. ఖరీదల్లా మన రుచులకే. సోనా మసూరి పది కేజీల బస్తా ఇరవై యూరోలు దాటిపోద్ది, కందిపప్పు, పచ్చిమిరపకాయలు, బెండకాయలు, ములక్కాడలు ఇండియన్ షాపులో చూస్తే గుండె గుభేలుమంటుంది. మెయిన్ స్టేషన్ పక్కన గోయెతెస్ట్రాసె, లాండ్వేర్‌స్ట్రాసె వీధుల్లో టర్కీ వాళ్ళ, అఫ్గాన్ వాళ్ళ షాపులుంటాయి, కొత్తిమీర, పుదీన, వంకాయలు, చికెన్ అక్కడ తీసుకోండి, రేటూ తక్కువ, ఫ్రెష్‌గా కూడా ఉంటాయి. బియ్యం పప్పు మాత్రం నలుగురు కలిసి పెద్ద ఆర్డర్ పెట్టుకుంటే డెలివరీ ఖర్చు కలిసొస్తుంది. సాయంత్రం ఎనిమిదికి షాపులు మూసేస్తారు, ఆదివారం మొత్తం మూతే, స్టేషన్‌లో ఉన్నవే తెరిచుంటాయి, అక్కడ రేట్లు ఎక్కువ. అందుకని శనివారం మధ్యాహ్నానికే అన్నీ తెచ్చిపెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. మంచినీళ్ళు కొనకండి, కుళాయి నీళ్ళు శుభ్రంగా తాగొచ్చు. ప్లాస్టిక్ బాటిల్ కొంటే 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, బాటిల్ వెనక్కిస్తే తిరిగిచ్చేస్తారు.

నెల్లూరు_నాన్న

అమ్మాయికి వాళ్ళమ్మ నెయ్యి, చికెన్ పచ్చడి, పాలకోవా కట్టి పంపాలని చూస్తోంది. పరవాలేదా?

గోదారి_గట్టు

అయ్యో వద్దని చెప్పండి అంకుల్. మాంసం, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి సామానులో తేకూడదు, ఈయూ మొత్తానికి ఆ రూల్ ఉంది. నెయ్యి కూడా పాల కిందే లెక్క. కస్టమ్స్ వాళ్ళు ఆపితే తీసి పారేస్తారు, ఆంటీ అంత కష్టపడి చేసినవి చెత్తబుట్టలో పడితే అమ్మాయి బాధపడుతుంది. ఆవకాయ, గోంగూర, మాగాయ, కారప్పొళ్ళు, చింతపండు, ఎండుమిరపకాయలు ఇవి పంపండి, ఆరు నెలలు కూరల ఖర్చు తగ్గుద్ది. పచ్చి కరివేపాకు కూడా కుదరదండి, ఎండబెట్టి పొడి చేసి ఇవ్వమనండి. ప్రెషర్ కుక్కర్ ఒకటి తప్పకుండా.

నెల్లూరు_నాన్న

చాలా మంచి మాట చెప్పావమ్మా. ఇప్పుడే చెబుతాను.

కరీంనగర్_కుర్రోడు

ఒక అప్‌డేట్. నాయినతోని కూర్చొని లెక్క మొత్తం రాసినం. లోన్ ఇంకో మూడు లక్షలు పెంచి అడిగితే బ్యాంక్ మేనేజర్ చూద్దాం అన్నడు, చిట్టి పైసలు రెండు లక్షలు ఆగస్టుల వస్తయి. అట్లయితే మీరు చెప్పిన ఐదు లక్షలు అయితయి. నా మనసు ఎల్‌ఎంయూ మీదనే ఉంది, నాయిన కూడ అదే అన్నడు.

ఇగో, నిన్న ఒక రూమ్ దొరికింది నెట్‌ల. యూనివర్సిటీ స్టేషన్ నుంచి ఐదు నిమిషాలు, ఫోటోలు చూస్తే మస్తుంది, అన్నీ కలిపి 450. ఓనర్ ఇప్పుడు వేరే దేశంల ఉన్నడట, మొదటి నెల కిరాయి, అడ్వాన్స్ పంపిస్తే తాళాలు కొరియర్ చేస్తా అంటుండు, పాస్‌పోర్ట్ కాపీ కూడ పంపిండు. ఎల్లుండి లోపల కట్టాలంట, ఇంకొకరు కూడ అడుగుతున్నరట. మీరు చూసి చెప్పినంకనే కడ్దామని ఆగిన.

ఇజార్_ఒడ్డు

కట్టొద్దు!! ఒక్క యూరో కూడా పంపకు తమ్ముడూ. ష్వాబింగ్ పక్కన 450కి రూమ్ ఉండదు, ఓనర్ వేరే దేశంలో ఉండటం, తాళాలు కొరియర్, తొందరపెట్టడం, ఇవన్నీ ఒకే మోసం, ప్రతి సంవత్సరం ఇదే నడుస్తుంది. ఆ పాస్‌పోర్ట్ కూడా ఇంతకు ముందు మోసపోయిన వాళ్ళెవరిదో అయ్యుంటుంది. నీ పాస్‌పోర్ట్ కాపీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో పంపొద్దు.

పాలమూరు_పిల్ల

పాస్‌పోర్ట్ పంపినవా తమ్ముడు? పంపకపోతే మంచిదైంది, ఆ మెసేజ్ సైట్‌ల రిపోర్ట్ కొట్టు.

కరీంనగర్_కుర్రోడు

పంపలేదక్కా. ఇప్పుడే రిపోర్ట్ చేసిన. మరి ఇక్కడ్నుంచి నిజమైన రూమ్ ఎట్ల పట్టాలె?

ఓరుగల్లు_అబ్బాయి

తమ్మీ, మూడు నాలుగు నెలలకి సబ్‌లెట్ ఇచ్చే రూములు చూడు ముందుగాల, స్విషెన్‌మీటె అని రాస్తరు, సెమిస్టర్‌కి వేరే దేశం పోయే పిల్లలు ఇస్తరు. మెసేజ్ జర్మన్‌ల రాయి, చిన్నదైనా సరే. నువ్వెవరు, ఏం చదువుతవు, ఎప్పటి నుంచి ఎప్పటి దాక కావాలె, వంట చేస్తవా, శుభ్రంగ ఉంచుతవా, ఇవి రాయి, వాళ్ల యాడ్‌ల ఉన్న ఏదన్న ఒక ముచ్చట పట్టుకొని రాయి, అందరికి ఒకటే కాపీ పేస్ట్ పంపితే ఎవ్వరు జవాబియ్యరు. వీడియో కాల్‌ల రూమ్ మొత్తం, వంటగది, ఇంట్ల ఉండే మిగతావాళ్లని చూపియ్యమను. ఈడ ఉన్నోళ్లని ఎవరినన్న పంపి చూపిచ్చుకో, నేను శనివారాలు మ్యూనిక్‌లనే ఉంట, నువ్వు ఏదన్న ఓకే అనుకుంటే నాకు మెసేజ్ పెట్టు, నేను పోయి చూసొస్త.

ఇంకొకటి, అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి ఓనర్ సంతకం చేసిన కాగితం ఇస్తరా అని ముందే అడుగు. ఇయ్యం అంటే ఆ రూమ్ ఎంత చౌకైనా వదిలెయ్, అది లేకుంటే రెసిడెన్స్ పర్మిట్, టాక్స్ నంబర్ అన్నీ ఆగిపోతయి.

గోదారి_గట్టు

నేను కూడా చూసొస్తాను తమ్ముడూ, ఫ్రైమాన్, గార్చింగ్ వైపు ఏదన్నా ఉంటే నాకు పంపు, యూ6 మీద నాకు దగ్గర. నెల్లూరు అంకుల్, మీ అమ్మాయికి కూడా ఏదన్నా రూమ్ అనుకుంటే చెప్పండి, పాలమూరు అక్కని తీసుకుని వెళ్ళి చూస్తాం.

నెల్లూరు_నాన్న

మా అమ్మాయి చేత ఈ రోజే ఇక్కడ అకౌంట్ చేయిస్తానమ్మా. ఒకటి రెండు రూములు చూసి పెట్టింది, వాటిలో ఒకదానికి ఆ రిజిస్ట్రేషన్ కాగితం ఇస్తారో లేదో అడగలేదంట, అడగమన్నాను.

కరీంనగర్_కుర్రోడు

అన్నా, అక్కా, అందరికీ చాన థాంక్స్. స్టుడీరెండెన్‌వెర్క్‌ల అప్లై చేసిన, చర్చి హాస్టళ్లు రెండు కూడ పెట్టిన. మాగ్డెబర్గ్ సీటు వెంటనే వదులుకోవాల్నా, లేకుంటే కొన్ని రోజులు ఆగొచ్చా?

మాగ్డెబర్గ్_మిత్ర

నీ అడ్మిషన్ లెటర్‌లో ఎన్‌రోల్‌మెంట్ ఆఖరు తేదీ రాసుంటుంది బ్రో, అది చూసుకో, ఆ తేదీ దాకా ఉంచుకో. వీసా ఏ యూనివర్సిటీ పేరు మీద పెడుతున్నావో అది ముందే తేల్చుకో, మధ్యలో మారిస్తే ఇబ్బంది. మ్యూనిక్ వెళ్ళినా పర్లేదు, ఒకసారి ఇటు కూడా రా.